గలగలతో ఓ గంట

టీవీలో రాత్రి షో అన్నమాటే గానీ దాన్ని తీసేది మధ్యాహ్నం, భోజనాలయ్యాక. సోఫా వెనక అట్టల మీద ఊరు బొమ్మ వేసి, అందులో కిటికీలకు బుల్లి బుల్లి బల్బులు పెట్టి, ఇదే రాత్రి అనుకోమంటారు. ఎదురుగా గ్యాలరీలో కూర్చున్న జనం అప్పుడే కడుపునిండా తినొచ్చినవాళ్లు. వాళ్ల కునుకు వదలగొట్టి నవ్వించడమే గలగల ఉద్యోగం.

గలగల అతని అసలు పేరు కాదు. నోరు మూసుకోడని చిన్నప్పుడు మాస్టారు తిట్టుగా పెట్టిన పేరు. ఆ తిట్టే పెద్దయ్యాక అతనికి అన్నం పెట్టింది. షోకి కూడా అదే పేరు, 'గలగలతో ఓ గంట'. ఒకప్పుడు వీధిలో నడుస్తుంటే బస్సుల్లోంచి తలలు బయటపెట్టి కేకలేసి పిలిచేవాళ్లు. ఇప్పుడు బస్సులు వాటి దారిన అవి పోతున్నాయి. పక్క చానెల్లో సరిగ్గా అదే వేళకి ఒక కుర్రాడు దిగాడు. వచ్చిన అతిథి నెత్తిన బకెట్టు నీళ్లు కుమ్మరించడం తప్ప వాడికి ఇంకో విద్య రాదు. జనం వాణ్ణి నెత్తిన పెట్టుకున్నారు.

చానెల్ నడిపే మేడమ్ గలగలని గదిలోకి పిలిచి, కూర్చోమని కూడా అనకుండా చెప్పేసింది.

"సీజన్ అయ్యేలోపు అంకెలు లేవకపోతే మూసేద్దామండీ. మీ టైములో పెనాలమ్మే ప్రోగ్రామ్ వేసుకున్నా ఇంతకంటే ఎక్కువమంది చూస్తారు."

గలగలకి వేరే పని రాదు. రాకపోవడం ఒక బాధ, వేరే పని చెయ్యాలని ఏనాడూ అనిపించకపోవడం ఇంకా పెద్ద బాధ. ఆ దీపాల కింద కూర్చోకపోతే తను ఎవరో అతనికే తెలియదు.

షోలో మాటలన్నీ రాసేది అతని బావమరిది. భార్యకి సొంత తమ్ముడు. బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూ, ఇంటికొచ్చినప్పుడల్లా నాలుగు మాటలు విసిరి అందర్నీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వించి పోయేవాడు. "ఆ మాటలేవో నాకు రాసిపెట్టరా, నిన్ను నేను చూసుకుంటా" అని గలగలే బతిమాలి బ్యాంకు మాన్పించాడు. వాళ్లిద్దరికీ పనిలో ఒక పద్ధతి ఉంది. బావమరిది చెప్పులు విప్పేసి వరండాలో పచార్లు చేస్తూ ఒక మాట తయారుచేసి బావకి వినిపిస్తాడు. బావ ముక్కులోంచి ఒక్కసారి గాలి వదిలితే అది షోలోకి వెళుతుంది. గట్టిగా నవ్వాడంటే బావమరిది దాన్ని కొట్టేస్తాడు. "నువ్వు గట్టిగా నవ్వావంటే మొహమాటానికి నవ్వావన్నమాటే బావా" అంటాడు.

మేడమ్ మాట విన్నాక ఇద్దరూ నడుం బిగించారు. డప్పులవాణ్ణి పెట్టారు. దీపాలు రెట్టింపు చేశారు. సోఫాలో కూర్చుని మాట్లాడేవాడు లేచి గెంతడం నేర్చుకున్నాడు. బావమరిది కూడా జన్మలో రాయనట్టు రాశాడు.

"మా బిల్డింగులో లిఫ్టుందండీ" అని మొదలుపెట్టాడు గలగల ఒకనాడు. "ఎంత నిదానమంటే, కింద నున్నగా గీసుకుని ఎక్కినవాడు పైన గడ్డంతో దిగుతాడు. మొన్న అందులో పరిచయమైన ఇద్దరు, దిగేటప్పుడు మాకు శుభలేఖ ఇచ్చి మరీ దిగారు!"

గ్యాలరీ ఘొల్లుమంది. కెమెరా పట్టుకున్నవాడు కూడా నవ్వి ఫ్రేము కదిలించేశాడు. షో అయ్యాక బావా బావమరుదులు మేకప్ గదిలో ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని చిన్నపిల్లల్లా ఊగారు. గట్టెక్కాం అనుకున్నారు.

అంకెలు వచ్చాయి. ఉన్నవాటిలో సగం పోయాయి.

మేడమ్‌కి కూడా అంతుపట్టలేదు. అంతకుముందు చూసేవాళ్లు తక్కువే గానీ చూసినవాళ్లు కదిలేవాళ్లు కాదు. ప్రకటనలొచ్చినా చానెల్ మార్చేవాళ్లు కాదు. షో అయిపోయి, పెనాలమ్మే ప్రోగ్రామ్ కూడా అయిపోయినా అలాగే ఉండేవాళ్లు. ఇంత భక్తి ఏమిటో, అది ఇప్పుడు హఠాత్తుగా ఎందుకు పోయిందో జనాన్నే అడుగుదామని ఆవిడ కొందరు ప్రేక్షకుల్ని పిలిపించింది. వాళ్లని ఒక గదిలో కుర్చీలేసి కూర్చోబెట్టారు. ఆ గదికి ఒక పక్క నల్ల అద్దం. ఇవతలివాళ్లకి అవతలివాళ్లు కనిపిస్తారు, అవతలివాళ్లకి అద్దంలో తమ మొహాలే కనిపిస్తాయి. ఇవతల చీకట్లో మేడమ్, గలగల, బావమరిది కూర్చున్నారు.

"గలగలగారి షోలో మీకేం నచ్చుతుందండీ?" అని అడిగింది లోపల ప్రశ్నలడగడానికి పెట్టిన అమ్మాయి.

"గొంతండీ" అంది బట్టల కొట్టు నడిపే ఆవిడ. "దేవుడిచ్చిన గొంతు. అలా వింటుంటే కళ్లు వాటంతటవే మూతలు పడిపోతాయి. నేను మాత్రలు కూడా మానేశాను."

గలగల బావమరిది వైపు చూడలేదు.

"మా చంటిదానికి కూడా అంతేనండీ" అంది ఒక తల్లి. "నేనెంత జోకొట్టినా పడుకోదు. ఆయనొచ్చి నమస్కారం పెట్టాడంటే చాలు, గుర్రు పెడుతుంది."

బస్సు డ్రైవరు ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "అయితే ఈ మధ్య ఏం పుట్టిందో ఆయనకి, నవ్వించడానికి చూస్తున్నాడండీ. డప్పులేమిటి, ఆ గెంతులేమిటి! హాయిగా కన్నంటుకునే వేళకి జనం ఘొల్లుమంటారు, ఉలిక్కిపడి లేస్తాను. పొద్దున్నే బండి తియ్యాల్సినవాణ్ణి, నేనేమైపోవాలి? కట్టేసి పడుకుంటున్నా."

అవునవును అన్నారు అందరూ. అందరూ మంచివాళ్లే. ఒక్కరు కూడా వెటకారంగా అనలేదు. రిటైరైన టీచరమ్మ అయితే, ఆయన చల్లగా ఉండాలి అని దీవించింది కూడా. తిట్టి ఉంటే గలగల ఓర్చుకునేవాడు. తిట్లకి అతని దగ్గర జవాబులుండేవి. ఈ దీవెనకి అవి పనికిరావు. పక్కన మేడమ్ మొహం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగింది.

మర్నాటికల్లా గ్యాలరీ ఎత్తేశారు. డప్పులవాణ్ణి పంపేశారు. దీపాలు తగ్గించారు. "మెల్లగా మాట్లాడండి, ఇంకా మెల్లగా, వాక్యం చివర గొంతు దించండి" అని మేడమ్ స్వయంగా కూర్చుని నేర్పింది. నేర్పడం అయ్యాక, లేవబోతూ అంది.

"ఇంక రాసేవాడు దేనికండీ? నిద్రపోయేవాళ్లకి జోకులు దేనికి?"

"మా బావమరిదండీ అతను" అన్నాడు గలగల.

"అందుకే మీరే చెప్పండి. ఇంటి మనిషి కదా, ఏమీ అనుకోడు."

అప్పుడు గలగల అనాల్సిన మాట ఒకటే ఉంది. 'వాడు లేకపోతే నేనూ లేను' అనాలి. మనసులో అనుకున్నాడు కూడా. పైకి మాత్రం గంగిరెద్దులా తల ఊపాడు. ఊపి, ఆ విషయం బావమరిదికి చెప్పకుండా రేపు మాపు అని నాన్చాడు. ఎంత నాన్చాడంటే ఒకరోజు పొద్దున బావమరిదే స్టూడియో గేటు దగ్గర్నుంచి ఫోన్ చేశాడు.

"బావా, నా కార్డు పాడైనట్టుంది, గేటు తెరుచుకోవడం లేదు. సెక్యూరిటీకి కాస్త చెప్పవూ?"

"కార్డు పాడవలేదురా" అన్నాడు గలగల.

"సరే బావా" అని పెట్టేశాడు బావమరిది. ఇంకొకడైతే గేటు ముందే అమ్మనా బూతులు తిట్టేవాడు. తిట్టించుకునే అదృష్టం కూడా గలగలకి లేకపోయింది.

ఇంట్లో భార్య కూడా అరవలేదు. కంచం ముందు పెట్టి, నీళ్లు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"వాడు బ్యాంకు మానేసింది మీరడిగితేనే కదండీ?"

"నేనేం చెయ్యనే? షో పోయేది."

"షో ఉంది కదా ఇప్పుడు. తినండి" అని లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ ముద్ద అతనికి దిగలేదు. పోనీ మానేశాడా అంటే అదీ లేదు, మొత్తం తిన్నాడు.

షో మాత్రం లేచి కూర్చుంది. అంకెలు నెలనెలా పెరిగాయి. పక్క చానెల్ కుర్రాడి బకెట్లు ఖాళీ అయిపోయాయి. పరుపుల కంపెనీవాడు వెతుక్కుంటూ వచ్చి ప్రకటన ఇచ్చాడు. మేడమ్ ఇప్పుడు గలగల వస్తే కుర్చీ లాగి వేస్తోంది. అతిథుల్ని కూడా ఆవిడే ఏరి పట్టుకొస్తోంది, పాత తాళాలు పోగుచేసేవాళ్లు, మబ్బుల రకాల మీద పుస్తకాలు రాసేవాళ్లు, నాచు పెంచేవాళ్లు. వీధిలో జనం మళ్లీ గుర్తుపడుతున్నారు. కేకలెయ్యరు. దగ్గరికొచ్చి, డాక్టరుతో మాట్లాడినట్టు నెమ్మదిగా, చేతులు పట్టుకుని మరీ చెబుతారు.

"మీ షో వదలనండీ నేను. ఒక్కరోజు కూడా."

"ఏ ఎపిసోడు బాగా నచ్చింది?" అని ఆశగా అడిగాడు ఒకాయన్ని.

"అన్నీ బాగుంటాయండీ" అన్నాడాయన. "మొదటి అయిదు నిమిషాలూ."

ఒళ్లు మండిపోయేది గలగలకి. అయినా నవ్వి నమస్కారం పెట్టేవాడు. గెలిచినవాడు ఏడిస్తే చూసేవాళ్లకి బాగుండదు.

ఈ బతుకులో అతను ఒక్క ఊరట వెతుక్కున్నాడు. ఊరంతా నిద్రపోయినా తన బావమరిది పడుకోడు. కోపంతోనైనా సరే చూస్తూనే ఉంటాడు. ఏ మాట ఎక్కడ పడాలో, ఎక్కడ పడకుండా పోయిందో వాడికి తెలుసు. ఆ నమ్మకంతో గలగల షో చివర్లో, ఎవరూ కనిపెట్టకుండా, అదే జోకొట్టే గొంతుతో రోజుకొక జోకు వెయ్యడం మొదలుపెట్టాడు. ఎవరూ రాసివ్వనివి, సొంతంగా కిందా మీదా పడి తయారుచేసుకున్నవి.

మబ్బులాయన, "నలభై ఏళ్లుగా ఆకాశం తప్ప ఇంకోటి చూడలేదండీ" అన్నప్పుడు, గలగల మెల్లగా, "ఇంట్లోవాళ్లని ఎప్పుడైనా చూశారా?" అన్నాడు. ఆయన బుద్ధిగా ఆలోచించి, "చూశానండీ, మబ్బు పట్టని రోజుల్లో" అన్నాడు. ఆ రోజు మేకప్ తుడుచుకుంటూ గలగల ముక్కులోంచి గాలి వదిలాడు. ఇవాళ రాత్రి వాడు కూడా వదులుతాడు అనుకున్నాడు. అదే తను చెప్పుకునే క్షమాపణ. మొహాన చెప్పే దమ్ము లేక టీవీలోంచి చెబుతున్నాడు. విన్నవాడు ఏదో ఒకరోజు ఫోన్ చేసి, 'బావా, నిన్నటిది పరవాలేదు' అంటాడని ఎదురుచూశాడు.

ఫోన్ రాలేదు. ఇంక ఉండబట్టలేక, ఒక ఆదివారం మధ్యాహ్నం తనే బావమరిది ఇంటికి వెళ్లాడు.

తలుపు తీసిన బావమరిది మొహం మాడ్చలేదు. "రా బావా" అన్నాడు. ఒళ్లు కాస్త చేశాడు. కళ్లకింద నలుపు లేదు. బల్ల మీద కాగితాలు పరిచి ఉన్నాయి.

"ఏం చేస్తున్నావురా ఇప్పుడు?"

"మిక్సీల కంపెనీలో. డబ్బాలో పెట్టే సూచనలు రాస్తున్నా. తడి చేత్తో వైరు ముట్టుకోకూడదు అని. ఎవరూ నవ్వడం లేదు, ఎవరూ చావడం లేదు. పని బాగానే ఉంది."

గలగల నవ్వాడు. గట్టిగానే నవ్వాడు. మొహమాటానికని వాడికి తెలిసిపోతుందని గుర్తొచ్చి ఆపేశాడు.

"షో చూస్తున్నావా?"

"చూస్తున్నా బావా. మొదట్లో నిన్ను తిట్టుకోవడానికి పెట్టుకునేవాణ్ణి. ఉద్యోగం పోయాక రాత్రుళ్లు ఒకటే ఆలోచనలు, తెల్లారేదాకా కన్నంటుకునేది కాదు. ఏ మందూ పనిచెయ్యలేదు. తిడుతూ తిడుతూ ఒకరోజు ఎలా నిద్రలోకి పడిపోయానో తెలీదు, పొద్దున లేచేసరికి టీవీలో మళ్లీ పెనాలమ్ముతున్నారు." అతను గలగల చెయ్యి పట్టుకున్నాడు. "నిజంగా చెబుతున్నా బావా, ఈ గండం నీ షో వల్లే గట్టెక్కాను. ఫోన్ చేసి థాంక్స్ చెబుదామనుకుంటూనే ఉన్నా."

వెటకారమేమో అని గలగల వాడి కళ్లలోకి చూశాడు. వెటకారం లేదు.

"అందులో జోకులున్నాయిరా" అన్నాడు. "రోజుకొకటి. నీకోసమే వేస్తున్నా."

"ఎక్కడ?"

"చివర్లో."

"చివరిదాకా ఎవరుంటారు బావా?"

"అయితే ఇప్పుడు విను. మొన్నటిది చెబుతా, నేనే రాశాను" అన్నాడు గలగల, కుర్చీ ముందుకు లాక్కుని. ఒకప్పుడు వరండాలో వాడు తనకి వినిపించేవాడు, ఇవాళ తను వాడికి వినిపిస్తున్నాడు. "పాత తాళాలు పోగుచేసే ఆయన వచ్చాడు. ఇల్లంతా తాళాలేనట. గోడలకి తాళాలు, మంచం కింద తాళాలు. సంపాదించిందంతా వాటికే పెట్టాడట…"

మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి బల్ల మీద పడుతోంది. బావమరిది మోచెయ్యి బల్లకి ఆనించి, గడ్డం అరచేతిలో పెట్టుకుని, మర్యాదగా వింటున్నాడు. గొంతు కాస్త పెంచుదామని చూశాడు గలగల. పెరగలేదు. ఇన్ని నెలలుగా దించి దించి అది అక్కడే ఉండిపోయింది.

"నేనన్నాను కదా, ఏమండీ, ఇన్ని తాళాలున్నాయి, లోపల దాచుకోవడానికి ఇంకేమైనా మిగిలిందా అని…"

బావమరిది ఆవలించాడు. "సారీ బావా, చెప్పు చెప్పు" అని కళ్లు నులుముకున్నాడు. రెండు మాటల తర్వాత తల ఒక పక్కకి వాలింది. మధ్యలో ఆపితే ఏడుపొస్తుందని గలగల ఆపలేదు.

"ఆయనేమో ఏమీ మిగల్లేదండీ అన్నాడు. అయితే మీ ఇంటికొచ్చే దొంగ తాళం పగలగొట్టడండీ అన్నాను నేను. తలుపు తీసే ఉంచి, తాళం పట్టుకుపోతాడు అన్నాను."

నవ్వు కోసం ఎంతసేపు ఆగాలో అంతసేపూ ఆగాడు. బావమరిది గురక పెడుతున్నాడు.