భీమశంకరం దిద్దిన చెయ్యి

ప్రతిభ అనేది సోమరిపోతులు పుట్టించిన మాట అని భీమశంకరం గట్టి నమ్మకం. ఉన్నదల్లా శిక్షణే. ఆయన హజీరాలో ఒక ఫ్యాక్టరీ మేనేజరు. వీడియోలు చూసి, పదిరోజుల శిబిరానికి పోయొచ్చి, ఫ్లాగ్ ఫుట్‌బాల్ కోచ్ అయిపోయాడు. ఆదివారాలు ఉన్ అనే పేటలోని మైదానంలో ఆడపిల్లలకు నేర్పేవాడు. కాలితో తన్నకుండా చేత్తో విసిరే ఆ ఆటలో బంతి ఎవరికి వెయ్యాలో రెప్పపాటులో తేల్చుకుని విసరాల్సింది క్వార్టర్‌బ్యాక్. ఆ చోటు సంధ్యారాణిది. "నేను తయారుచేసిన పిల్ల" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

లాక్‌డౌన్‌తో మైదానానికి తాళం పడింది. ఏడు నెలల తర్వాత తెరిచి చూస్తే, ఎవరూ నేర్పకుండానే ఆ పిల్ల ఇరవై గజాల అవతల పరుగెత్తే మనిషి చేతుల్లోకి బంతి పంపుతోంది. సంతోషించాల్సింది పోయి ఆయనకు ఒళ్ళు మండింది.

"ఎవరు నేర్పారు?"

పక్కనే ఉన్న తండ్రి అంబదాస్ చెప్పాడు. "ఒడిశావోళ్లు ఊర్లకు పోయిన్రు గద సార్, సాంచాలు నడిపేటందుకు మనుషులు లేకుండె. నేను, బిడ్డ ఇద్దరమే నడిపినం. ఆ సప్పుట్ల పిలిస్తె ఇనబడదు. నేను చెయ్యి లేపుతె ఆ కొసకెల్లి కండె ఇసిరేది. దారానికి తగలకుండ, గింత సందులకెల్లి."

నడుస్తున్న మరమగ్గాల మధ్య నుంచి నూలుకండెను విసిరిన విసురు అది. నడుము పక్క నుంచి, మణికట్టు విదిలింపుతో వస్తుంది. భీమశంకరం చూసిన వీడియోల్లో అలాంటిది లేదు.

"తప్పు. మోచెయ్యి చెవి పైకి రావాలి."

"పోవాల్సిన కాడికే పోతున్నది గద సార్."

"రాష్ట్ర జట్టు ఎంపికలో చూసి నవ్వుతారు. కోచ్ నువ్వా, నేనా?"

కారులో వచ్చే పెద్దమనిషితో అంబదాస్ ఏం వాదిస్తాడు? "సార్ చెప్పినట్టు ఇను బిడ్డా" అన్నాడు. ఆ పిల్ల మూడు నెలలు విన్నది. పక్క నుంచి విసిరిన ప్రతిసారీ మైదానం చుట్టూ రెండు రౌండ్లు పరుగు.

ఫిబ్రవరిలో కామ్‌రేజ్‌లో ఎంపిక జరిగింది. మనిషికి పది బంతులు. సంధ్యారాణి మోచెయ్యి చెవి పైకి వచ్చింది, అడుగు కొలిచినట్టు పడింది, బంతులు మాత్రం నేలపాలయ్యాయి. ఎనిమిదోది కూడా పోయాక ఆమె చెయ్యి నడుము పక్కకి దించి, భీమశంకరం వైపు చూసింది. అడుగుతోందని ఆయనకు తెలుసు. తన చెవి తాకి చూపించాడు. మిగతా రెండూ అలాగే పోయాయి.

ఎంపిక చేసే మేడమ్ మాస్కు సర్దుకుంటూ ఆయన దగ్గరికొచ్చింది. "కోచ్ మీరేనా? ఇవాళ ఇంత చక్కని పద్ధతి నేనెవరిలోనూ చూడలేదు. మీరు బ్రహ్మాండంగా నేర్పారు. ఏం చేస్తాం, పిల్లలోనే పస లేదు" అంది హిందీలో.

ఒక్క మాట చెబితే సరిపోయేది. ఇంకొక్క బంతి, దాని ఇష్టమొచ్చినట్టు వెయ్యనివ్వండి అని. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. కానీ ఇన్నేళ్ళలో ఆయన్ని కోచ్‌గా మెచ్చుకున్న మొదటి మనిషి ఆవిడ.

"థాంక్యూ మేడమ్" అన్నాడు.

నాలుగడుగుల అవతల నిలబడ్డ సంధ్యారాణి అంతా విన్నది. బంతి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"మీరు పాసైన్రు సార్" అని, తండ్రి దగ్గరికి నడిచిపోయింది.