నీళ్ల మీది బండ

మా ఆయన అంజయ్య ఆబిడ్స్‌లో దుకాణాలకు బోర్డులు బిగించేవాడు. ఒకరోజు మూడో అంతస్తు నుంచి రోడ్డు మీద పడ్డాడు. దవాఖానకు చేరేలోపే పోయాడు. అప్పుడు మా ప్రణవి చంకలో పిల్ల.

ఆ పిల్లే ఇప్పుడు బండలెక్కుతోంది. మొదట హిమాయత్‌నగర్‌లో, ఒక జిమ్ము గోడ మీద, తాడు కట్టుకుని నేర్చుకుంది. రెండేళ్ల కిందట అదీ, దాని జట్టువాళ్లూ తాడు కూడా మానేశారు. ఊరి బయట పాత క్వారీల్లో లోతుగా నీళ్లు నిలిచిన చోట ఉత్త చేతులతో ఎక్కుతున్నారు. పట్టు జారితే నీళ్లే కాస్తాయట. వీడియోలు చూసి వారం వారం కొత్తవాళ్లు వస్తున్నారట.

మానెయ్యమంటే మానలేదు. ఒక్కసారి వచ్చి చూడమంది. నా కళ్ల ముందు పడనని ఒట్టేస్తే మా నాంపల్లి దాటి వస్తానన్నాను. నవ్వుతూ నా నెత్తి మీద చెయ్యి పెట్టింది.

ఆదివారం వెళ్లాం. వాళ్ల జట్టు పెద్ద రవికిరణ్ మునిగి, అడుగున రాళ్లు లేవని చూసుకుని నీళ్లలోనే ఉన్నాడు. ప్రణవి పట్టు జారకుండా చేతులకు తెల్లపొడి రుద్దుకుని ఎక్కింది. చాలా పైకి పోయి ఆగిపోయింది. పైన పట్టు లేదు, దిగే దారీ లేదు. దాని కాళ్లు వణకడం గట్టు మీది నుంచే కనిపించింది.

దూకమని రవికిరణ్ అరిచాడు. అది కదల్లేదు. అతను నా దగ్గరికి ఈదుకొచ్చాడు. బలముండగానే బండను తన్ని దూకాలని, చేతులు సడలి జారితే బండకు కొట్టుకుంటుందని చెప్పాడు.

"రోజూ దుంకేదే ఆంటీ. ఇయ్యాల ఏమైందో సమజైతలేదు."

నాకు అర్థమైంది. అది నీళ్ల వైపు చూడటం లేదు, నా వైపే చూస్తోంది. అంచుదాకా పోయాను. పడమని బిడ్డకు నేనే చెప్పాలి. చెయ్యెత్తి అరిచాను.

"ఒట్టు గట్టు మీద పెట్టిన. దుంకు బిడ్డా."

"నీకేం గాదు గదా అమ్మా?"

"నాకేం గాదు. నువ్వు నీళ్లు చూసుకో."

బండను తన్ని దూకింది. నీళ్లు తెరుచుకుని మూసుకున్నాయి. మా ఆయన పేరు నా నోటిదాకా వచ్చింది. అంతలో నల్లటి తల పైకి తేలింది.

దగ్గుతూ గట్టెక్కింది. తువ్వాలుతో తల తుడిచాను. వేళ్ల కొసలు చిట్లి ఎర్రగా ఉన్నాయి.

"మల్ల ఎక్కుతవా?"

"ఔ. నువ్వు జర అటు తిరిగి కూసో."

నేను తిరగలేదు.