సంజీవప్ప నంబరు

మా పట్టుచీరల కంపెనీకి హిందూపురం హెడ్డాఫీసులో కంప్యూటర్లు విండోస్ మీద నడిచేవి, పెనుకొండ రంగుల ఫ్యాక్టరీలో లినక్స్ మీద. ధర్మవరం షోరూం వాళ్లకు రెండింటితోనూ పని, కాబట్టి రెండింటినీ తిట్టుకుంటూ బతికేవాళ్లు. ఒకే కంపెనీలో ఒక్కో మనిషికి రెండు లాగిన్లు, రెండు పాస్‌వర్డులు. ఎవరు ఏది మరిచిపోయినా ఫోను కంప్యూటర్లు చూసుకునే నాకే వచ్చేది. ఈ రెండు జాబితాలనూ కలిపేయమని జీఎం కేశవమూర్తి గారు పని అప్పజెప్పినప్పుడు నేను సంబరపడ్డాను. ఆ సంబరం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పని చెప్పుకోవడానికి సులువే. హిందూపురం జాబితాలో పేరు చేరిస్తే పెనుకొండలో లాగిన్ దానంతటదే తయారవుతుంది. ఇక్కడ కొట్టేస్తే అక్కడ తాళం పడుతుంది. చిక్కల్లా ఒకటే. లినక్స్ మనిషిని పేరుతో కాదు, నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. ఏ ఫైలు ఎవరు రాశారన్నది ఆ నంబరు మీదే ఉంటుంది. అందుకని ఏ పాత నంబరు ఎవరిదో తేల్చుకుని, హిందూపురం జాబితాలో వాళ్ల పేరు పక్కన వేయాలి. అది తేల్చుకోవడానికే పెనుకొండ బస్సెక్కాను.

1014 దగ్గర ఆగిపోయాను. అది సంజీవప్పది. ఆయన రిటైరై ఆరేళ్లయింది, ధర్మవరంలో ఉంటున్నాడు. హిందూపురంలో ఆయన పేరు ఎప్పుడో కొట్టేశారు. పెనుకొండలో మాత్రం ఆ లాగిన్ ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి కూడా తెరుచుకుంది.

వెళ్లి చూస్తే ఆ లాగిన్ తెరిచిన కంప్యూటరు ముందు లింగప్ప కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి. సోమందేపల్లి నుంచి రోజూ వచ్చిపోతాడు. గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు. కాంట్రాక్టు మీద చేరిన హెల్పరు. పెనుకొండలో అదొక ఆచారమని అప్పుడు తెలిసింది. కొత్త లాగిన్ కావాలంటే హిందూపురానికి లెటరు పెట్టి నెలల తరబడి కాచుకోవాలి. ఎందుకొచ్చిన తంటా అని, వెళ్లిపోయేవాడు తన లాగిన్ తర్వాతి వాడికి ఇచ్చిపోతాడు. సంజీవప్ప కూడా రిటైరైన రోజు అల్మారా తాళంచెవి లింగప్ప చేతికిచ్చి, పాస్‌వర్డు చెప్పి పోయాడు. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు.

ధర్మవరం నేతగాళ్లు చిన్న పట్టుముక్క పంపి సరిగ్గా ఈ రంగే కావాలంటే, ఏ పొడి ఎంత కలపాలో, నీళ్లు ఎంత వేడెక్కాలో తేల్చి కంప్యూటరులో ఎక్కించేది లింగప్ప. ఆరేళ్లలో రెండు వేల పైచిలుకు రంగులు. అన్నింటి కిందా సంజీవప్ప పేరే.

"శ్రావ్యమ్మా, నువ్వు చేసే ఈ పని అయినాక ఆ రంగులన్నీ నా పేరు మీదికి వస్తాయా?" అని అడిగాడు.

ఎందుకడిగాడో కూడా చెప్పాడు. మార్చిలో పర్మనెంటు చేసేందుకు కమిటీ కూర్చుంటుంది. కంప్యూటరులో ఎవరి పేరున ఎంత పని ఉందో చూసే తీసుకుంటారు. ఈసారి తప్పితే అతనికి వయసు దాటిపోతుంది, కాంట్రాక్టు కూడా ఆ నెలాఖరుతోనే అయిపోతుంది.

"నీ పేరుతో కొత్త లాగిన్ చేసి, దాని పక్కన ఆ 1014 ఏస్తాను, అన్నా. ఒక్క గడి నింపే పనే" అన్నాను.

అతని మొహం విచ్చుకుంది. క్యాంటీన్ నుంచి ఉగ్గాని తెప్పించి పెట్టాడు. నేను తిన్నాను కూడా.

హిందూపురంలో జీఎం గారు ఆ గడి దగ్గర పెన్ను ఆనించారు. ఒకరి నంబరు ఇంకొకరికి మార్చాలంటే కారణం రాయాలన్నారు. కారణం రాస్తే, రిటైరైన మనిషి లాగిన్ ఆరేళ్లుగా నడుస్తుంటే మీరేం చేస్తున్నారని ఆడిట్ వాళ్లు ఆయన్నే నిలదీస్తారు. అందుకని పాత నంబరు పాత మనిషికే ఉంచి తాళం వేసేయమన్నారు. లింగప్పకు కొత్త నంబరు చాలన్నారు.

పని చేసింది లింగప్పేనని మీకూ తెలుసు కదా సార్ అన్నాను.

"తెలుసమ్మా. నువ్వింకా ప్రొబేషన్‌లోనే ఉండావని కూడా తెలుసు."

గొంతు కూడా పెంచలేదు. 1014 పక్కన సంజీవప్ప పేరు నా వేళ్లతో నేనే కొట్టాను.

సోమవారం పొద్దునకు రెండు జాబితాలూ కలిసిపోయాయి. మూడు ఊళ్లకూ ఒకే లాగిన్, ఒకే పాస్‌వర్డు. షోరూం వాళ్లు స్వీటు డబ్బా పంపారు. ఆ వారంలోనే నా ఉద్యోగం ఖాయమైంది. లింగప్ప రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు.

మార్చిలో కమిటీ ముందు రిపోర్టు పెట్టింది కూడా నేనే. లింగప్ప లాగిన్ తయారై ఇరవై మూడు రోజులు, అతని పేరున ఉన్న రంగులు పదకొండు. అక్కడ కూర్చున్న నలుగురూ అతను కలిపిన రంగుల చీరలు ఇంటికి కొనుక్కుపోయిన వాళ్లే. అందరికీ తెలుసు. కాగితం మీద లేదు కాబట్టి తెలియనట్టే కూర్చున్నారు. అతని పేరు పక్కకు పెట్టేయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

నెలాఖరున అతని లాగిన్ మూయాలి. అందుకు పెనుకొండ పోనక్కరలేదు, హిందూపురంలో కొట్టేస్తే చాలు. అయినా పోయాను. తిడతాడని, తిడితే నాకు కాస్త తేలికవుతుందని ఆశ.

అతను తిట్టలేదు. సంజీవప్ప లాగిన్‌కు పాస్‌వర్డు ఏముండేదో తెలుసునా అని అడిగాడు. అది మాకు కూడా కనపడదని చెప్పాను.

"ఆయప్ప పోయినాక నేను మార్చుకున్యా. నా పేరే పెట్టుకున్యా. తెర మీద చుక్కలే పడతాయి, ఎవురికీ కనపడదు. కానీ ఆరేండ్లు దినామూ పొద్దున్నే నా పేరు కొడితేనే అది తెరుచుకునేది."

జాబితాలు కలిపిన రోజు నేను మొట్టమొదట చేసిన పని పాత పాస్‌వర్డులన్నీ చెరిపేయడం.

అతను అల్మారా తాళంచెవి నా చేతిలో పెట్టి సోమందేపల్లి బస్సుకు పోయాడు. నేను హిందూపురం వచ్చి జాబితాలో అతని పేరు కొట్టేశాను. పది నిమిషాల్లో పెనుకొండలో తాళం పడింది. కంప్యూటరు ఎక్కడా ఏ తప్పూ చూపించలేదు.