నూనెలో కలిపిన పొడి

1948 ఆగస్టు చివరివారంలో సికింద్రాబాదులోని గుర్రాల, కుక్కల దవాఖానా డాక్టరు భార్యాపిల్లలను తీసుకుని మద్రాసు రైలెక్కాడు. రజాకార్ల భయంతో ఊరు వదిలినవాళ్లలో ఆయన మొదటివాడేమీ కాదు. తాళంచెవులు కంపౌండరు జకర్యా చేతిలో పెట్టి, ఉన్న మందులతో నెట్టుకురమ్మనీ, తెలియనివాటి జోలికి పోవద్దనీ చెప్పాడు. జకర్యా పద్దెనిమిదేళ్లుగా ఆ దవాఖానాలో మందులు నూరుతున్నాడు. వారం తిరగకుండానే గల్లీవాళ్లు అతన్ని డాక్టర్ సాబ్ అనడం మొదలుపెట్టారు. అతను వద్దనలేదు.

ఆ ఏడు వానలతోపాటు కుక్కలకు పిడుదులు పట్టాయి. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో బఠానీ గింజంతేసి ఉబ్బి వేలాడేవి. సరిహద్దు దగ్గర ఇండియా ప్రభుత్వం సరుకులు ఆపేయడంతో డాక్టరు వాడే కార్బాలిక్ సబ్బు రావడం లేదు. జకర్యా దగ్గర మిగిలింది ఒక డి.డి.టి. డబ్బా. సిపాయిల బట్టల్లో పేలకు చల్లే పొడి, మిలిటరీ బారకాసులు ఖాళీ చేసినప్పుడు డాక్టరు వేలంలో కొన్నది. దాని మీద ఇంగ్లీషులో రాసి ఉంది: పొడిగానే చల్లాలి, నూనెలో కలపకూడదు. జకర్యా అది చదివాడు. మొదట అలాగే చేశాడు. తన కుక్క రూబీ మీద చల్లి, అరగంట ఆగి, దువ్వెనతో దులిపాడు. పిడుదులు రాలాయి. రూబీకి ఏమీ కాలేదు.

గల్లీ చివర నాలుగు బర్రెలు పెట్టుకుని పాలు అమ్మే తుకారాం తన మోతీకి పొడి తీసుకెళ్లాడు. మోతీ బర్రెల కొట్టానికి కాపలా. రోజంతా వానలో ఉండే కుక్క. రెండో రోజున తుకారాం తిరిగొచ్చి దవాఖానా మెట్ల మీద నిలబడ్డాడు. అక్కడ నలుగురున్నారు.

"ఏంది డాక్టర్ సాబ్, నువ్విచ్చింది మందా, సున్నమా? ఒక్క వానకే కొట్టుకపోయింది. మా గోడకేసిన సున్నమే జెర నయం."

నలుగురూ నవ్వారు. జకర్యా కూడా నవ్వాడు. వాళ్లు వెళ్లాక డబ్బా తీశాడు. గజ్జికి గంధకం పల్లినూనెలో కలిపి పట్టించడం అతని చేతికి అలవాటైన పని. నూనె పట్టించిన మందు వానకు పోదు. డబ్బా మీది మాట గుర్తుంది. ఏదో సిపాయిల బట్టలు పాడవుతాయని రాసి ఉంటారులే అనుకున్నాడు. పొడి చిక్కగా పడేట్టు నాలుగు సీసాలు కలిపాడు. ఒకటి తుకారాంకు, ఒకటి తాపీమేస్త్రీ పర్వతాలుకు, ఒకటి విజయమ్మ అనే ముసలావిడకు ఇచ్చాడు. ఒళ్లంతా మర్దన చేయమన్నాడు. నాలుగోది అలమరలో ఉంచాడు.

మోతీకి మర్నాడు మూతి అదరడం మొదలైంది. తరవాత వెనుక కాళ్లు. ఆపైన ఫిట్స్. మూడో రోజు చచ్చిపోయింది. సెప్టెంబరు ఏడో తేదీ అది. తొమ్మిదిన పర్వతాలు కుక్క, పదకొండున విజయమ్మ కుక్క పోయాయి.

గల్లీలో కారణం వెతకడానికి ఎవరూ కష్టపడలేదు. అదే గల్లీలోని మదార్ సాబ్ ఎముకలు, పేగులు అమ్మేవాడు. అమ్మగా మిగిలింది సాయంత్రం కుక్కలకు వేసేవాడు. అతని మేనల్లుడు రజాకారు డ్రస్సేసుకుని రెండు నెలలుగా గల్లీలో తిరుగుతున్నాడు. రజాకార్లు ఇళ్లమీద పడేముందు, అరిచే కుక్కల్ని మదార్ సాబ్ చేత విషం పెట్టించి చంపించారని జనం తేల్చుకున్నారు.

జకర్యా అలా అనుకోలేకపోయాడు. పర్వతాలు తన కుక్కను రోజూ బేగంపేటలో పనికి తీసుకెళ్లి అక్కడే కట్టేసేవాడు. దాని నోటికి మదార్ సాబ్ వేసిన ముక్క ఎన్నడూ అందలేదు. ఆ కుక్క చచ్చిందని విన్నప్పుడే, చంపింది తన నూనె మందేనని జకర్యాకు తెలిసిపోయింది. ఇంటికెళ్లి భార్యకు చెప్పాడు. కాంతమణి మిషన్ బడిలో టీచరు. కూర తరుగుతూ విన్నది.

"చెబితే రేపట్నించి మీ చేతి మందు ఎవరు పట్టుకెళతారు? పోయినవి కుక్కలు. ఊరుకోండి" అంది.

అతను ఊరుకున్నాడు.

పదమూడున ఇండియా సైన్యం సరిహద్దు దాటింది. పదిహేడున నిజాం లొంగిపోయాడు. మర్నాడు టాంకులు సికింద్రాబాదులోకి వచ్చాయి. తుకారాం పాలక్యాను పట్టుకెళ్లి సిపాయిలకు పాలు పోసి వచ్చాడు. మదార్ సాబ్ మేనల్లుడు అప్పటికే ఎటో పోయాడు. ఇరవైరెండున తుకారాం ఒక కాగితం రాయించి, వేలిముద్ర వేసి సైన్యం క్యాంపులో ఇచ్చాడు. రజాకార్ల కోసం కుక్కలకు విషం పెట్టినవాడు ఫలానా ఇంట్లో ఉన్నాడని. ఆ మధ్యాహ్నమే జీపు వచ్చి మదార్ సాబ్‌ను ఎక్కించుకుపోయింది. అతని కాలికి చెప్పులు లేవు.

జకర్యా దవాఖానా తలుపు సందులోంచి చూశాడు. ఆ రోజు ఏమీ చేయలేదు. తరవాతి నాలుగు రోజులూ ఏమీ చేయలేదు. అయిదో రోజు, సోమవారం, మదార్ సాబ్ భార్య ఇంటికి తాళం వేసి, చెవి కాంతమణికి ఇచ్చి, మూట నెత్తిన పెట్టుకుని అన్నగారింటికి వెళ్లిపోయింది. కాంతమణి ఆ తాళంచెవి తెచ్చి జకర్యా ముందు పెట్టింది.

"నేను ఊరుకోమన్నది కుక్కల సంగతి. మనిషి సంగతి కాదు. వెళ్లండి."

క్యాంపు గేటు దగ్గర సుబేదారు అతని మాట చివరిదాకా విన్నాడు. కాగితం ఇచ్చినవాడు వచ్చి తప్పని చెబితే వదులుతామన్నాడు. ఇంకెవరు చెప్పినా లాభం లేదన్నాడు. శుక్రవారం లారీలో అందరినీ జైలుకు పంపేస్తారు, ఆ తరవాత ఆ పేర్లు తన చేతిలో ఉండవన్నాడు.

జకర్యా అటునుంచి అటే తుకారాం కొట్టానికి వెళ్లాడు. తుకారాం పాలు పితుకుతూ విన్నాడు. లేవలేదు.

"నీ రూబీకి సుత అదే పొడి గద? అదేమో గల్లీల తిరుగుతనే ఉన్నది" అన్నాడు. "ఆ సాయబుకు నువ్వెందుకు అడ్డం పడుతున్నవ్? ఏమన్న ఇచ్చిండా?"

రూబీకి వేసింది పొడి అనీ, మోతీకి ఇచ్చింది నూనె అనీ, నూనె ఒంట్లోకి ఇంకి విషమవుతుందనీ జకర్యా చెప్పాడు. నూనె ఒంటికి పూస్తే చస్తారా, మా అవ్వ నాకు చిన్నప్పట్నుంచి పూసిందే అని తుకారాం నవ్వాడు. కళ్లతో చూస్తే తప్ప నమ్మనన్నాడు.

మంగళవారం పొద్దున జకర్యా అలమరలోంచి నాలుగో సీసా తీశాడు. రూబీని తాడు లేకుండానే వెంట నడిపించుకుంటూ కొట్టానికి తీసుకెళ్లాడు. దాన్ని తొమ్మిదేళ్ల కిందట కళ్లు తెరవని పిల్లగా దవాఖానా మెట్ల మీద ఎవరో వదిలేసి పోయారు. తుకారాం బిందె బోర్లించి దాని మీద కూర్చున్నాడు. జకర్యా నూనె అరచేతిలో పోసుకుని మెడ నుంచి తోకదాకా మర్దన చేశాడు. రూబీ పక్కకు తిరిగి పడుకుని పొట్ట చూపించింది. పొట్టకు కూడా రాశాడు. సాయంత్రందాకా ఏమీ కాలేదు. తుకారాం కొట్టంలోకి, బయటికి తిరుగుతూ చూసి, చూసినవా అన్నట్టు తలాడించాడు.

బుధవారం పొద్దున రూబీ కింది పెదవి అదిరింది. పదింటికి చెవులు అదిరాయి. లేచి నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లబోయి వెనుక కాళ్ల మీద కూలబడింది. తుకారాం గడ్డి కోయడం ఆపి వచ్చాడు. పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"మోతీ గిట్లనే చేసింది" అన్నాడు. "కడుగరాదు? సబ్బు పెట్టి కడుగు. నిలబడి చూస్తవేంది?"

ఇద్దరూ కలిసి బట్టల సబ్బుతో, ఆరు బిందెల నీళ్లతో కడిగారు. నూనె జిడ్డు పోయింది. అదురు పోలేదు. తుకారాం లోపలికి వెళ్లి అంగీ తొడుక్కుని వచ్చాడు. రూబీని కాంతమణికి అప్పగించి ఇద్దరూ క్యాంపుకు నడిచారు. సుబేదారు లేడు, రేపు రమ్మన్నారు. తిరిగి వచ్చేసరికి కాంతమణి చేతులు కడుక్కుంటోంది. రూబీ మీద గోనె కప్పి ఉంది.

గురువారం తుకారాం రెండో కాగితం మీద వేలిముద్ర వేశాడు. తప్పు మాట చెప్పినందుకు సుబేదారు అతన్ని రెండు చెంపదెబ్బలు కొట్టాడు. తుకారాం కదలకుండా నిలబడి దెబ్బలు తిన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం మదార్ సాబ్ నడిచి వచ్చాడు. కుడిచేతి రెండు వేళ్లకు గుడ్డ చుట్టి ఉంది. తన ఇంటికి తాళం చూసి దవాఖానా మెట్ల మీద కూర్చున్నాడు. జకర్యా చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి, తాళంచెవి కాంతమణి దగ్గర ఉందన్నాడు. మదార్ సాబ్ ఎడమచేత్తో తాగాడు.

"తుకారాం అంతా చెప్పిండు. నాకోసం నీ కుక్కను చంపుకున్నవంట."

మదార్ సాబ్ చెంబు మెట్టు మీద పెట్టాడు.

"ఒక్కటే అడుగుత, భాయ్. నూనెతోటి సచ్చినయని నీకెన్నడు ఎరుకైంది?"

పోయిన సోమవారం అనవచ్చు. ఎవరూ కాదనరు. కాంతమణి కూడా కాదనదు. జకర్యా ఖాళీ చెంబు చేతుల్లోకి తీసుకున్నాడు.

"పర్వతాలు కుక్క చచ్చిన రోజు."

మదార్ సాబ్ రోజులు లెక్కపెట్టడానికి కుడిచెయ్యి పైకెత్తి, గుడ్డ చుట్టిన వేళ్లు చూసి, దించి, ఎడమచేతి మీద లెక్కపెట్టాడు.

"అంటే ఫౌజు రాకముందే."

"అవును మదార్ భాయ్."

"నన్ను జీపు ఎక్కిచ్చినప్పుడు నువ్వు ఇక్కడనే ఉన్నవు."

"ఉన్నాను. తలుపు వెనుక."

మదార్ సాబ్ లేచి నిలబడ్డాడు. తరవాత తాళంచెవి అడిగాడు. జకర్యా తెచ్చి ఇచ్చి వెంట వెళ్లాడు. తాళం వానకు తుప్పు పట్టింది. ఎడమచేత్తో చెవి తిప్పితే తిరగలేదు. జకర్యా చెయ్యి చాపాడు. మదార్ సాబ్ భుజం అడ్డం పెట్టాడు.

"నువ్వు ముట్టకు" అన్నాడు.

అది తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. జకర్యా అంతసేపూ చెంబు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.