భుజాల కొలత

సతీష్‌ని మీరే చంపారు. మూత తీయించిన కాంట్రాక్టరూ, బిల్లు మంజూరు చేసిన ఆఫీసరూ, ముక్కు మూసుకుని పక్కనుంచి నడిచిపోయిన పెద్దమనుషులూ, అందరూ కలిసి చంపారు. తొండియార్‌పేటలో మా వీధి చివర మ్యాన్‌హోల్లోకి వాణ్ణి దించారు, శవాన్ని పైకి తీశారు. మనిషిని దించకూడదని చట్టం ఉంది. మీకు తెలుసు. తెలిసే దించారు.

వాడి తండ్రి ఆదిమూలం కూడా జీవితమంతా ఆ గుంతల్లోనే పనిచేశాడు. కొడుకు పోయాక, మాధవరంలో పశువుల గడ్డి మోసి మోసి మూలపడ్డ పాత ట్రాక్టరును లాక్కొచ్చాడు. దాని వెనక తిరిగే షాఫ్టుకు లారీ రిమ్ములతో చేసిన డ్రమ్ము బిగించి, హార్బరులో పారేసిన ఇనుపతాడు చుట్టాడు. లారీ కమాను పట్టీలు కోసి రెండు దవడల తొట్టి చేశాడు. అది నోరు తెరుచుకుని దిగాలి, బురద కరుచుకుని పైకి రావాలి. మనిషి దిగే పని ఉండకూడదు.

తొట్టి ఎంత వెడల్పు ఉండాలని చిన్న కొడుకు అరుళ్ అడిగాడు. "నైనా, టేపు తెస్తా ఉండు."

"టేపు ఎందుకురా?" ఆదిమూలం చొక్కా విప్పి గోడకు ఆనుకున్నాడు. "నా భుజాల కాడ గీత గియ్యి. నేను పట్టిన గుంతలో ఇది పట్టదా?"

మా వాళ్ల పద్ధతి అదే. ఏ గుంత ఎంతుంటుందో ఒళ్లే చెబుతుంది.

తొట్టిని తొలిసారి దింపేటప్పుడు వీధంతా వచ్చింది. ఆదిమూలం భార్య కనకవల్లి బండికి పసుపు రాసి, స్టీరింగుకు సతీష్ తువ్వాలు కట్టింది.

"ఏందిమే కనకా, దీనికి పెళ్లా?" అని నవ్వింది ఎదురింటి తాయారు.

"పెళ్లి గాదు తాయారూ. మా చిన్నోడికి ఇంకో అన్న."

తాయారు మళ్లీ నవ్వలేదు.

తొట్టి దిగబోయి గుంత మెడలోనే అడ్డంగా ఇరుక్కుంది. ఆదిమూలం లాగించాడు. తాడు బిగిసి, ట్రాక్టరు ముందు చక్రాలు నేల వదిలి లేచాయి. ఇంజను ఆపేశాడు.

కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీ ధర్మలింగం అక్కడే నిలబడి చూస్తున్నాడు. "ఇనుముకు బుద్ధుండాదా? ఒరే అరుళూ, తొట్టి పక్కనున్న సందులో దూరి కింద నుంచి తోసెయ్‌రా. ఒక్క నిమిషం పని."

అరుళ్ చొక్కా తీసేశాడు. అలవాటు. కుడిచెయ్యి పైకెత్తి, ఎడమ భుజం కిందికి వంచి, అంచు మీద కూర్చున్నాడు.

ఆదిమూలం ఆ భుజాన్నే చూశాడు. "తప్పు చేసినాన్రా! మనం నేరుగా దిగం గదరా. ఒక చెయ్యెత్తి ఏటవాలుగా దూరతాం. ఇనుముకు ఆ వంపు యాడుంది? లెయ్, లేచి రా!"

"బురద రోడ్డెక్కతా ఉండాది. తప్పు మీది, దిగేది మీరే," అన్నాడు ధర్మలింగం.

కనకవల్లి వచ్చి గుంత నోటికి అడ్డంగా కూర్చుంది. "నన్ను తొక్కి దిగు నాయనా," అంది కొడుకుతో. తర్వాత మేస్త్రీ వైపు తిరిగింది. "పెద్దోడ్ని గూడా ఒక్క నిమిషం అనే దించినావు మేస్త్రీ. ఆ నిమిషం నాకింకా కాలేదు. బురద పొంగితే పొంగనీ. మీ ఆఫీసరు గడప దాకా పోనీ."

అరుళ్ లేచాడు.

ఆదిమూలం పొడుగాటి కర్రకు కొక్కెం కట్టి తొట్టిని ఒక చెవి పట్టి లాగాడు. అచ్చం మా మనిషి బయటికొచ్చినట్టే, ఒక భుజం ముందు పెట్టి వచ్చింది. తాడు పట్టే చోట మడతబందు వేసి, తొట్టి ఏటవాలుగా వంగేట్టు చేశాడు. మర్నాడు తొట్టి దిగింది. నల్లటి బురద కరుచుకుని వచ్చింది. ఎవరూ చొక్కా విప్పలేదు. తాయారు ఏడ్చింది.

ఆ సాయంత్రమే మీ మనుషులు వచ్చి బండిని ఎత్తుకుపోయారు. పొలం ట్రాక్టరుకు ఇలాంటివి తగిలించడానికి అనుమతి లేదట! సతీష్‌ని దించినప్పుడు ఎవరి అనుమతి తీసుకున్నారు?

ఇప్పుడు పక్క వీధి గుంత పూడిపోయింది. రేపు దించడానికి ధర్మలింగం అరుళ్‌నే అడుగుతున్నాడు. ఆ గుంత మూత మీద కనకవల్లి కూర్చుని ఉంది, పక్కన తాయారు, వాళ్ల వెనక మేమంతా. బండి తెచ్చి ఆ మూత పక్కన నిలబెట్టండి. తాళం ఆదిమూలం చేతికివ్వండి. మేం లేస్తాం, మీరు మూత తీయండి. అంతవరకూ ఒక్క మనిషి చొక్కా విప్పడు.