ఒప్పుకోని అత్తగారు

మా అత్తగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ దేనికీ అడ్డు చెప్పరు.

ఉప్పల్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో మిగతా ఆడవాళ్లకి ఎంత చక్కటి అత్తలున్నారో! మూడో అంతస్తు పద్మశ్రీ వాళ్ల అత్తగారు మంగళవారం గోళ్లు కత్తిరించుకోనివ్వరు. ఎదురింటి అరుణకుమారి అత్తగారు బొప్పాయి పేరెత్తితే చెవులు మూసుకుంటారు. సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తూ వాళ్లిద్దరూ ఆ కబుర్లు చెప్పుకుంటుంటే, నేను క్లిప్పులు ఏరుకుంటూ వినాల్సిందే. నా దగ్గర చెప్పడానికి సరుకు లేదు. మా అత్తగారు సూర్యకళ రైల్వే పార్సిల్ ఆఫీసులో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యారు. నేను కడుపుతో ఉన్నానని తెలిసిన రోజున ఆవిడ అన్నది ఇంతే:

"డాక్టరమ్మ ఏం జెప్తే అది జెయ్యి బిడ్డా. నన్నడగకు. గిరిధర్‌ను కన్నప్పటి ముచ్చట్లు నాకే యాదికి లెవ్వు."

ఇలాంటి అత్తగారితో ఏ కోడలైనా ఎలా నెగ్గుకొస్తుంది? అవసరానికి ఒక్క సాకు దొరకదు. అందుకే నాకు కావలసిన అత్తగారిని నేనే తయారుచేసుకోవలసి వచ్చింది.

నాలుగో నెలలో నా ఎడమ కింది దవడ పన్ను ఒకటి సలపడం మొదలుపెట్టింది. కాన్పు చూసే డాక్టరమ్మ, "ఆరో నెల దాటకుండా బాగు చేయించుకో, ఇదే మంచి సమయం" అని చీటీ రాసిచ్చింది. నాచారంలో డాక్టర్ ధనశ్రీ పళ్ల క్లినిక్‌కి వెళ్లాను. వెళ్లడం వరకూ నా చేతిలో పనే. ఆ కుర్చీ వెనక్కి వాలడం మొదలయ్యాక ఏదీ నా చేతిలో ఉండదు.

నేను మైక్రోబయాలజీ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. పంటి కుదురులో చేరిన క్రిమి ఎక్కడెక్కడికి ప్రయాణం కడుతుందో పరీక్షలో పటం గీసి మరీ రాశాను. కానీ నా ఎనిమిదో ఏట మా రాజోలు స్కూల్లో పెట్టిన పళ్ల శిబిరంలో మత్తు ఎక్కేలోపే నా దంతం పీకేశారు. ఇద్దరు మేడమ్‌లు చెరో చెయ్యీ పట్టుకుని "అయిపోయింది, అయిపోయింది" అంటూనే ఉన్నారు. ఎంతకీ అవలేదు. ఆ తర్వాత ఎంత చదువుకున్నా, కుర్చీ వాలగానే నా కాళ్లు వాటంతట అవే గుమ్మం వైపు తిరిగిపోతాయి.

డాక్టర్ ధనశ్రీ పన్ను మీద చిన్నగా తట్టి, "రూట్ కెనాల్ చేయాలి. ఇవాళే మొదలుపెడదామా?" అంది.

"మా అత్తయ్య ఒప్పుకోరండీ" అన్నాను.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు. కానీ మంత్రంలా పనిచేసింది. డాక్టరు చేతిలో పనిముట్టు ట్రేలో పెట్టేసి, నిట్టూర్చి, ఫైల్లో ఏదో రాసుకుంది. మన దగ్గర అదొక సౌకర్యం. భర్త ఒప్పుకోలేదంటే ఎందుకని అడుగుతారు. అత్తగారు ఒప్పుకోలేదంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు, పాపం అన్నట్టు చూస్తారు.

రెండోసారి వెళ్లినప్పుడు, "గ్రహణం దగ్గర పడిందటండీ. సూది, కత్తి తగలకూడదంటున్నారు" అన్నాను. మూడోసారి వెళ్లనేలేదు, ఫోన్లోనే మూఢం అని చెప్పాను. ఆ క్లినిక్‌లో మా అత్తగారు నెలనెలా ఎదుగుతూ వచ్చారు. నా ఊహలో ఆవిడకి రూపాయంత బొట్టు, చంకలో పంచాంగం కూడా వచ్చేశాయి. అసలు ఆవిడేమో ఇంట్లో సోఫా మీద కాళ్లు చాపుకుని క్రికెట్ చూస్తుండేవారు.

ఇంట్లో ఇంకో అబద్ధం. "పన్ను సంగతి కాన్పయ్యాక చూద్దామన్నారు" అన్నాను. మా ఆయన గిరిధర్ సరేనని పోచారం ఆఫీసుకి వెళ్లిపోయాడు. అత్తయ్య మాత్రం, "గట్లన్నదా?" అని ఒక్క క్షణం నా వైపు చూసి మళ్లీ స్కోరు చూసుకున్నారు.

ఆరో నెల నిండిన వారానికి, ఒక సోమవారం పొద్దున లేచేసరికి నా ఎడమ బుగ్గ అరిసె దాచుకున్నట్టు పొంగి ఉంది. నోట్లో రెండు వేళ్లు కూడా కష్టంగా పడుతున్నాయి. ఒళ్లు కాలిపోతోంది. అప్పటికి నాలుగు రోజులుగా రాగిజావే తిండి. కాన్పు డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, వాచిన బుగ్గకి ఫోన్ ఆనించలేక స్పీకర్ పెట్టాల్సి వచ్చింది. వెనకాలే అత్తయ్య.

"చీము పట్టినట్టుంది నీరజా. జ్వరం ఇలాగే పెరిగితే లోపల బిడ్డకి మంచిది కాదు. మధ్యాహ్నంలోపు పళ్ల డాక్టరు దగ్గరుండాలి. అక్కడ కుదరదంటే ఆసుపత్రిలో చేరాలి. అసలు రెండు నెలల కింద చేయించుకోమన్నాను కదా?"

ఫోన్ పెట్టేశాక అత్తయ్య అడిగారు. "కాన్పయినంక అన్నదని జెప్తివి గదనే?"

"అది... ఆవిడ కాదత్తయ్యా, పళ్ల డాక్టరు."

"సరే, నడువ్ ఆమె తాననే. చెప్పులేసుకో."

"మీకెందుకత్తయ్యా ఎండలో... నేనొక్కదాన్నే వెళ్లొస్తాను."

"అద్దంల మొఖం సూస్కున్నవా? ఆటో ఆయనకు జాగ జెప్పనీకి నోరన్న తెరుస్తదా నీకు?"

ఆటోలో నాకు కుడివైపు ఇనుప కడ్డీ, ఎడమవైపు అత్తయ్య. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఆటో కదలడం మానేసింది. పన్ను గుండెతో పాటు కొట్టుకుంటోంది. లోపల బిడ్డ అటూ ఇటూ దొర్లుతోంది. దానికీ చోటు చాలడం లేదనుకుంటాను. సిగ్నల్ పడకుండా ఉంటే బాగుండునని ఒకసారి, తొందరగా పడాలని ఒకసారి మొక్కుకున్నాను. నాచారం వెళ్లడానికి హబ్సిగూడ స్ట్రీట్ నంబర్ ఎయిట్‌లోకి తిరిగేసరికి నాకు ఒకటే ఆలోచన. క్లినిక్‌లో ఉన్న అత్తగారూ, ఆటోలో ఉన్న అత్తగారూ ఇంకో పావుగంటలో ఎదురుపడతారు. దిగి పారిపోదామంటే ఈ పొట్టతో ఎక్కడికని?

క్లినిక్‌లో అసిస్టెంట్ సాయి ప్రియ నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి బీపీ పట్టీ చుట్టింది. నా ఫైలు అత్తయ్య చేతికిచ్చి, "ఆంటీ, జర పట్టుకోండి" అంది.

పార్సిల్ ఆఫీసు మనిషి చేతికి కాగితమిస్తే చదవకుండా ఉంటుందా? అత్తయ్య కళ్లద్దాలు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి వేలు పెట్టి చదివారు. తిప్పి వెనక చూశారు. మళ్లీ మొదటి నుంచి చదివారు. లాక్కుందామంటే నా చెయ్యి పట్టీలో బిగుసుకుని ఉంది. అందులో ఏముందో నేను కూర్చున్న చోటికే కనబడుతోంది. మూడు తేదీలు. మొదటిదాని పక్కన, అత్తగారు ఒప్పుకోలేదు. రెండోదాని పక్కన, అత్తగారు, గ్రహణం. మూడోదాని పక్కన, అత్తగారు, మూఢం.

"బీపీ కొంచెం ఎక్కువుందక్కా. ఫికర్ జేస్తున్నవా?" అంది సాయి ప్రియ.

అత్తయ్య కళ్లద్దాల పైనుంచి నన్ను చూశారు. ఫైలు మూసి బల్ల మీద పెట్టారు. అక్కడే తిట్టినా బాగుండేది.

ఇంతలో డాక్టర్ ధనశ్రీ వచ్చింది. నా బుగ్గ చూసింది. తర్వాత అత్తయ్యని చూసింది. "మీరేనా అత్తగారు?"

"నేనే మేడం."

"చూశారా, ఎంతదాకా తెచ్చారో! రెండు నెలల క్రితం ఒక గంట పని ఇది. గ్రహణాలు, మూఢాలు అని ఆపారు. ఇప్పుడీ అమ్మాయికి జ్వరం. రేపు బిడ్డకేమైనా అయితే మీ పంచాంగం వచ్చి చూస్తుందా?"

బయట బెంచీ మీదున్న నలుగురూ మెడలు చాచారు. నేను నోరు తెరిచాను. తెరిచానంటే రెండు వేళ్లంత.

అత్తయ్య చీర కొంగు సర్దుకున్నారు. "నిజమే మేడం. తప్పయింది. పాతకాలపు మనిషిని. మీరు జల్ది కానియ్యుండ్రి."

నన్ను కుర్చీలో పడుకోబెట్టారు. పొట్ట బరువు నడుము మీద పడకుండా కుడివైపు కింద దిండు పెట్టి కాస్త ఎడమకి ఒరిగించారు. దీపం ముఖం మీదికొచ్చింది. కుర్చీ వాలింది. నా కాళ్లు ఎప్పట్లాగే గుమ్మం వైపు తిరిగాయి. అక్కడ స్టూలు మీద అత్తయ్య కూర్చుని ఉన్నారు.

"మత్తు పూర్తిగా ఎక్కేదాకా ముట్టుకోను. నొప్పనిపిస్తే ఎడమ చెయ్యెత్తండి" అంది డాక్టరు.

సూది దిగింది. పెదవి సగం నాది కాకుండా పోయింది. పళ్ల మధ్య రబ్బరు దిమ్మ పెట్టారు, మూలన గొట్టం సర్రుమంటూ ఉమ్మి పీలుస్తోంది. ఇక నోరు మూసే వీల్లేదు, మాట్లాడే వీల్లేదు, లేచే వీల్లేదు. యంత్రం గిర్రుమంది.

"ఇట్లాంటి అత్తలను చూసే నాకు విసుగొస్తుంది సాయీ" అంది డాక్టరు, అత్తయ్యకి వినపడేలాగే. "కోడలి నొప్పి వీళ్లకి కనబడదు."

నేను చెయ్యెత్తాను.

యంత్రం ఆగింది. "నొప్పా?"

కాదని తల ఊపాను.

"మరేంటి?"

గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. "భయం లెండి" అని డాక్టరే అర్థం చెప్పుకుని మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ ఎత్తాను. మళ్లీ అదే ప్రశ్న, అదే శబ్దం. మూడోసారి చెయ్యి లేస్తుండగానే అత్తయ్య స్టూలు దగ్గరికి లాక్కుని ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించారు.

"గమ్మునుండు. పని కానియ్యి."

"అయిపోయిందా?" అన్నట్టు కళ్లతో అడిగాను.

ఆవిడ నా నోట్లోకి తొంగి చూశారు. "కాలేదు. ఇంకా మస్తుంది." కాసేపాగి, "ఇప్పుడు సగమైంది." ఇంకాసేపటికి, "జరంతుంది." ఒక్కసారి కూడా ఊరికే ధైర్యం చెప్పలేదు. ఆవిడ మాట మీద లెక్కపెట్టుకుంటూ నేను పారిపోకుండా పడి ఉన్నాను. ఎప్పుడో పంటిలోంచి ఏదో తెగినట్టయి, వారం నుంచి బిగబట్టిన బరువంతా ఒక్కసారి దిగిపోయింది. చేదుగా, వెచ్చగా. కళ్లమ్మట నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి. బిడ్డ ఒక్క తన్ను తన్నింది.

కుర్చీ లేచింది. డాక్టరు బిడ్డకి పడే మందులే చూసి రాసింది. సాయంత్రానికి జ్వరం తగ్గకపోతే ఫోన్ చేయమంది. ఆ కాగితం నాకివ్వకుండా అత్తయ్యకిచ్చింది.

"చీము తీశాను. పని పూర్తి కాలేదు. మళ్లీ శుక్రవారం రావాలి. రాకపోతే ఇది తిరగబెడుతుంది. మళ్లీ మీరు అడ్డు చెప్తే మాత్రం నేను ఊరుకోను."

"చెప్పనమ్మా" అన్నారు అత్తయ్య బుద్ధిగా. నా చేతి సంచీ తీసుకుని గుమ్మం దాకా వెళ్లిపోయారు కూడా.

ఇంకేముంది, అంతా సర్దుకున్నట్టే. నేను ఆవిడ వెనకాల నడిస్తే చాలు. దారిలోనో ఇంట్లోనో ఆవిడ నన్ను దులిపేస్తారు, పడతాను. కానీ ఆ పంచాంగం అత్తగారు మాత్రం ఈ క్లినిక్‌లో ప్రాణాలతోనే ఉంటుంది. గురువారం సాయంత్రానికి నా కాళ్లు ఆమెనే పిలుస్తాయి. నాకు నా సంగతి తెలుసు.

డాక్టరు ఫైలు ముందుకు లాక్కుని కలం తెరిచింది.

"అది రాయకండి" అన్నాను. సగం పెదవితో అనేసరికి మాటతో పాటు ఉమ్మి కూడా గడ్డం మీదికి వచ్చింది. తుడుచుకున్నాను. బెంచీ మీది వాళ్లు ఇటే చూస్తున్నారు. గుమ్మంలో అత్తయ్య ఆగారు.

"ఇంటికి పోయినంక మాట్లాడుకుందాం తియ్" అన్నారు మెల్లగా.

"కాదత్తయ్యా." డాక్టరు వైపు తిరిగాను. ఒక్కో మాటా కూడబలుక్కుని, బెంచీ దాకా వినపడేలా చెప్పాను. "మా అత్తయ్య ఎప్పుడూ ఏదీ వద్దనలేదండీ. మీరు చేస్తానన్నారనే సంగతే ఆవిడకి తెలీదు. ఈ కుర్చీ అంటే భయం నాకు. అక్కడో అబద్ధం, ఇక్కడో అబద్ధం చెప్పింది నేను. ఆవిడకి మీరు పెట్టిన చీవాట్లన్నీ నావి. తప్పు నాదండీ."