తలకిందుల చేపలు

గాజు తలుపు నెట్టుకుని లాబీలోకి అడుగు పెట్టగానే కెజియా ఆగిపోయింది. ఎదురుగా గోడ మీద తను వేసిన బొమ్మ ఉంది. ఉండడానికైతే ఉంది గానీ, తిరగబడి ఉంది. అడుగున ఇసుక మీద కూర్చోవాల్సిన సముద్రపు ముళ్లబంతి, అదే సీ అర్చిన్, బల్లిలా పైన కరుచుకుని ఉంది. కింది మూలన ఉండాల్సిన ఆమె సంతకం పై మూలకి ఎక్కి తిరగబడి కనబడుతోంది. చేపలన్నీ మూతులు పైకెత్తి ఎవరో రమ్మన్నట్టు చూస్తున్నాయి.

అవి ఏ బొచ్చె చేపలో, రాగండి చేపలో అయితే ఇంత బెంగ ఉండేది కాదు. అవి రేజర్‌ఫిష్. మంగలి కత్తి అంత పలచన, మూతి నుంచి తోక దాకా ఒకే నల్లటి చార. తల కిందికి, తోక పైకి పెట్టి గుంపుగా నిలువునా ఈదడమే వాటి తీరు. ఆపదొస్తే ముళ్లబంతి మీది ముళ్ల మధ్య దూరి, మేమూ ముళ్లమేనన్నట్టు కదలకుండా నిలబడతాయి. అండమాన్‌లో నీళ్లలోకి దిగి వాటిని ఫొటోలు తీసిన రోజు, సిలిండర్‌లో గాలి అయిపోవస్తోందని పక్కనున్న శిక్షకుడు భుజం తట్టేదాకా కెజియా అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ ఫొటోలు ముందు పెట్టుకుని, చార పక్కన చారగా, ఆ బొమ్మ వేసింది.

పనివాళ్లు చూసుకోక బిగించారేమో అనుకుని, అలంకరణ పనులన్నీ చూసే ప్రశాంత్ కోసం వెతికింది. అతను పూలదండలవాడి మీద కేకలేస్తూ కనబడ్డాడు. బొమ్మ మాట ఎత్తగానే చూపు పక్కకి తిప్పుకున్నాడు.

"పొరపాటు కాదు మేడం. సార్ చెప్తేనే తిప్పినం. మీరు జర సమజ్ చేస్కోండి."

సార్ అంటే ఓబులేసు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి, స్థలాల బేరాలతో మొదలుపెట్టి, ఇవాళ ఐటీ కంపెనీలకి అంతస్తులు అంతస్తులుగా అద్దెకిచ్చే ఈ టవరు కట్టిన మనిషి. కాసేపట్లో దీనికే ప్రారంభోత్సవం. మనిషి మంచివాడే. కాకపోతే తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. లాబీ బొమ్మ నచ్చితే పై అంతస్తులో పిల్లల హాలు గోడలన్నీ కెజియావేనని ఆయనే మాటిచ్చాడు. నేల నుంచి పైకప్పు దాకా సముద్రం. ఆ గోడల ఆశతోనే ఆమె ఫోన్ తెరల మీద బొత్తాలు గీసే కంపెనీ ఉద్యోగం మానేసింది. మానేసినప్పుడు వాళ్లమ్మ నీకేమైనా మతిపోయిందా అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు ఈ లాబీలోనే తేలాలి.

ఓబులేసు పట్టుపంచెతో, నుదుటి మీద కుంకుమతో నవ్వుతూ వచ్చాడు. వచ్చీ రాగానే టిఫిన్ తిన్నావా అని అడిగాడు. బొమ్మ బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఎటొచ్చీ ఒక్కటే అభ్యంతరమన్నాడు.

"తలకిందులుగా ఉండే సేపలు నా గుమ్మంలో ఎట్ల పెట్టుకుంటానమ్మా? మా నాయన యాపారం తలకిందులయ్యే మేము ఊరు ఇడిసింది. ఆ మాట ఇంటేనే నాకు ఒళ్లు జలదరిస్తాది."

దాంతో కెజియాకి సంగతి అర్థమైంది. చేపతో ఆయనకి తగువు లేదు. ఆయన తగువంతా ఆ ఒక్క మాటతోనే. వ్యాపారం తలకిందులు, బతుకు తలకిందులు, లెక్క తలకిందులు. తెలుగులో ఆ మాటకి మంచి అర్థం ఒక్కటైనా ఉంటే కదా, ఈ చేపలకి తోడు తెచ్చి నిలబెట్టడానికి. అయ్యో, ముందే తట్టలేదే అని తనని తనే తిట్టుకుంది.

నిజం చూపిస్తే నమ్ముతాడని ఫోన్ తీసి అండమాన్ ఫొటో చేతికిచ్చింది. ఇవి ఇలాగే ఈదుతాయండీ, ఇది నేను కల్పించింది కాదండీ అని బతిమాలింది. ఓబులేసు కళ్లజోడు పెట్టుకుని చూశాడు. చూసి, ఫోన్‌ని చేతిలోనే తిరగేసి పట్టుకున్నాడు. చేపలు మూతులు పైకెత్తాయి. ఇట్ల పట్టుకుంటే సరిపోయె, దీనికింత రభస ఎందుకని నవ్వాడు. చుట్టూ ఉన్న చుట్టాలు కూడా నవ్వారు.

అప్పుడే ఆయన వేలు తగిలి తెర మీద ఫొటో మారింది. ఈసారి వచ్చింది ఫొటో కాదు, బొమ్మ. కెమెరాలు సముద్రంలోకి దిగని కాలంలో చేతితో గీసి రంగులద్దిన పాత ప్రకృతి శాస్త్ర చిత్రం. అందులో అదే చేప, అదే చార. కానీ ఏ చెరువు చేపలానో బుద్ధిగా అడ్డంగా ఉంది. ఒక్కో గీతా ఎలా గీశారో నేర్చుకోవడానికి ఆమె దాచుకున్న బొమ్మ అది.

ఓబులేసు మొహం విప్పారింది. ఇదెవరు గీశారని అడిగాడు. వెనకటి కాలపు పండితులని ఆమె చెప్పక తప్పలేదు. అంతే, ఆయనకి పట్టు దొరికింది. అంత పెద్దోళ్లే అడ్డంగా గీస్తే మనకేం నొప్పి, మన బొమ్మనీ అడ్డంగా తిప్పండి అన్నాడు. వాస్తు చూసే ఆయన కూడా చేపల మొహాలు ఉత్తరానికి వస్తాయి కాబట్టి దివ్యంగా ఉంటుందన్నాడు. గోడ ఎలాగూ వెడల్పాటిదే, ఇంకా బాగా కుదురుతుందని ప్రశాంత్ వంత పాడాడు. ఇద్దరు పనివాళ్లు నిచ్చెన వేసి బొమ్మ దించి, పక్కకి తిప్పి గోడకి ఆనించారు. ముళ్లబంతి ఓ పక్కకి ఒరిగింది. చేపలు వరసగా పడుకున్నాయి.

సంతకం ఇప్పుడు నిలువునా ఉంది. దాన్ని చెరిపేసి కింద కొత్తగా పెట్టమని ఓబులేసు ఆప్యాయంగా చెప్పాడు. నీ పేరు అందరికీ కనబడాల కదమ్మా, పైన హాలు పని రేపటి నుంచే మొదలుపెట్టుకో అన్నాడు. ప్రశాంత్ పరుగున వెళ్లి రంగు, కుంచె తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పూజారి ముహూర్తం దగ్గర పడిందని తొందర పెడుతున్నాడు. అతిథులు రావడం మొదలైంది.

కెజియా మోకాళ్ల మీద కూర్చుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెట్టేస్తే పోలా అనుకుంది. ఈ దారిన పోయేవాళ్లలో చేప ఎటు ఈదుతుందో ఎవడికి కావాలి? పై అంతస్తులో అన్ని గోడలున్నాయి, అక్కడ సరిగ్గా వేసుకోవచ్చు. కుంచె రంగులో ముంచింది. మొదటి అక్షరానికి ఒక గీత దించింది కూడా. అంత దగ్గర నుంచి చేప కన్ను కనబడింది. తెల్లగా, తెరుచుకుని, పక్కకి పడి ఉంది. అచ్చం ఆ పాత బొమ్మలోలా. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఏమైందమ్మా?" అన్నాడు ఓబులేసు.

ఆమె లేచి నిలబడింది. చుట్టూ పట్టుచీరలు, హారతి పళ్లెం, పసుపు నీళ్లు. ఇలాంటి చోట ఏ మాట అనకూడదో ఆమెకి బాగా తెలుసు.

"పాతవాళ్లు అడ్డంగా గీసింది చచ్చిన చేపనండి. సీసాలో పెట్టి తెచ్చిన శవాన్ని బల్ల మీద పడుకోబెట్టి చూసి గీశారు. బతికున్నదాన్ని వాళ్లు ఎప్పుడూ చూడలేదు. ఇది బతికుంటే తలకిందులుగానే ఉంటుందండి."

శవం అన్న మాట దగ్గరే పూజారి చేతిలో గంట ఆగిపోయింది. ఎవరో పెద్దావిడ శివశివా అని చెవులు మూసుకుంది. ప్రశాంత్ తల పట్టుకున్నాడు. ఓబులేసు అరవలేదు. అరిచి ఉంటే బాగుండునని కెజియాకి అనిపించింది. ఆయన ఆమె వంక చూడకుండానే మాట్లాడాడు.

"ఆయమ్మ బొమ్మ ఆయమ్మకి ఇచ్చి పంపించండి. పైన హాలు సంగతి ఇంక మర్చిపో తల్లీ."

పనివాళ్లు బొమ్మని వెనక గేటు దాకా మోసుకొచ్చి ట్రాలీ ఆటోలో ఎక్కించారు. లోపల బాజాలు మొదలయ్యాయి. ఆటో నడిపే ఓదెలు తాడు తీసుకుని వచ్చేసరికి వాళ్లు బొమ్మని ట్రాలీలో పడుకోబెట్టేశారు. అలా పడుకోబెట్టిన చేపలని చూసేసరికి, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు కెజియాకి తన్నుకొచ్చింది. ఉద్యోగం లేదు, హాలు లేదు, అమ్మకి చెప్పే జవాబు లేదు. వాటన్నిటికంటే, ఆ ఒక్క గీత గీసిన చేతిని చూస్తే ఆమెకి అసహ్యమేసింది. చున్నీ కొసతో ఆ తడి రంగు గీత తుడిచేసింది.

బొమ్మని నిలబెట్టి కట్టమంది. గాలికి ఆగదు మేడం, మణికొండ దాకా పోవాలె అన్నాడు ఓదెలు. తను వెనక కూర్చుని పట్టుకుంటానంది. అతను బొమ్మని నిలబెట్టి, ట్రాలీ కమ్మీలకి తాడు చుట్టాడు. తోకలు పైకి, తలలు కిందికి.

దారంతా గాలి బొమ్మని తెరచాపలా నెట్టింది. భుజాలు పీకేస్తున్నా ఆమె వదల్లేదు. బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. పక్కన స్కూటీ మీద మెడలో ఆఫీసు ట్యాగ్ వేసుకున్న ఒకామె హెల్మెట్ అద్దం పైకెత్తి కాసేపు చూసింది. పాపం, సాయం చేద్దామనే అంది.

"అక్కా, బొమ్మ ఉల్టా పట్టుకున్నరు."

"లేదమ్మా," అంది కెజియా. "ఇదే సీదా."

స్కూటీ మీదున్నామె తల ఒక పక్కకి వంచి మళ్లీ చూసింది. పచ్చ లైటు పడింది, వెనక హారన్లు మోగాయి. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.